ఒంటిచక్రముపై ఓనమాలు



దైవమును పురుషప్రయత్నమును బండికి రెండు చక్రములవంటివనియు, అం దొకటి లేనిచో బండి ముందునకు సాగదనియు చెప్పు శ్లోకమొకటి యాజ్ఞవల్క్యస్మృతిలో నున్నది. హితోపదేశము చదివినవారికిని అది పరిచితమే. ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసిన నేను ఆ శ్లోకభావమును ఎన్ని తరగతులకు బోధించితినో లెక్కలేదు. బోధించినప్పుడెల్ల నల్లబల్లపై ఒంటిచక్రపు బండి నొకదానిని గీసి, "ఇది నడుచునా?" అని అడుగువాడను. పిల్లలందఱు ఒక్క గొంతుతో "నడవదండీ" అనువారు. నేను సంతసించి పాఠము ముగించువాడను.

1991 వ సంవత్సరమున ఎనిమిదవ తరగతిలో మాత్రము వెనుక వరుసనుండి ఒక కుఱ్ఱవాడు లేచి, "నడుస్తుందండీ మాస్టారూ! ఒంటిచక్రం సైకిలు నేను సర్కస్‌లో చూశానండీ" అనెను. తరగతి గొల్లున నవ్వెను. శాస్త్రము చెప్పుచుండగా సర్కసు ముచ్చట తెచ్చినాడని నాకు కోపము వచ్చెను. "శాస్త్రకారుని కన్న నీవు పెద్దవాడవా?" అని గద్దించి, గంట కొట్టువఱకు వానిని బల్లమీద నిలువబెట్టితిని. ఆ తరువాత రెండేండ్లు వాడు నా తరగతులలోనే యుండెను. పేరుపెట్టి పిలిచి అడిగిననే గాని నోరు విప్పెడివాడు కాడు. అది వినయమని నే ననుకొంటిని.

ఆ పిల్లవాడు చెప్పినది నిజము. ఒంటిచక్రము నడుచును. అఱువదినాలుగవ యేట నేనే దాని నెక్కి నడిపితిని గనుక చెప్పుచున్నాను. ఆ కథయే నేటి నా ప్రసంగము.

2023 వ సంవత్సరము ఏప్రిలు నెలలో నేనును నా భార్యయు అమెరికాలోనున్న మా యమ్మాయి యింటికి వెళ్ళితిమి. నేటి కాలమున మా యీడు తల్లిదండ్రులు పలువురు వెళ్ళునట్లే మేమును ఆఱు నెలలుండి వచ్చుటకు వెళ్ళితిమి. మాసచూసెట్సు రాష్ట్రమున బోస్టను నగరమునకు చేరువనున్న లెక్సింగ్టను అను ఊరు వారిది. 1775 ఏప్రిలు 19 వ తేదీని అమెరికా స్వాతంత్ర్యయుద్ధము ఆరంభమైన చోటు అది. పగలు అమ్మాయియు అల్లుడును పనులకు పోవుదురు. మనుమరాలు బడికి పోవును. బడి లేని పంతులునకు ప్రొద్దు పోవుట యెంత కష్టమో పంతులుకే తెలియును. ఒకనాడు కారు నిలుపు కొట్టములో ఏదో వెదకుచుండగా గోడకు వ్రేలాడుచున్న ఒక పెద్ద చక్రము నా కంట బడెను.

మూడడుగుల నిలువు గల చక్రమది. బండిచక్రమువలె నడుమ ఇరుసు, ఇరుసునుండి సన్నని యుక్కు ఆకులు, అంచున లావైన గాలిటైరు; ఇరుసున కిరుప్రక్కల రెండు పెడలులు; చక్రమును కవచుకొని పైకి లేచిన ఇనుప పంగ, దాని కొనయందు ఒక జీను. అంతియే. ముందు చక్రము లేదు, వెనుక చక్రము లేదు, గొలుసు లేదు, మరల్చుటకు చేతికఱ్ఱ లేదు. అల్లుడు మోజుపడి ఎవరియొద్దనో కొని, రెండు పర్యాయములు పడి, మూలకు చేర్చినాడట. మనుమరాలికి పదునాలుగేండ్లు. అది సెలవుల శిబిరములో చిన్నచక్రముపై నేర్చుకొని, ఆపై తండ్రి విడిచిన ఈ పెద్దదానిని వశము చేసికొన్నది. ఆ సాయంకాలము నా కన్నులయెదుట దాని నెక్కి, చేతులు చాచి, వీథి చివరివఱకు పోయి మరలి వచ్చెను. నేను నోట మాట రాక నిలిచితిని. నా కన్నులకు నల్లబల్లయు, దానిమీది సుద్దబొమ్మయు, బల్లమీద నిలిచిన కుఱ్ఱవాడును కనబడిరి.

"ఇది నేను నేర్చుకొనవచ్చునా?" అని యడిగితిని. అది నవ్వలేదు. నా కాళ్ళవంక ఒకమారు చూచి, "నువ్వు పొడుగ్గా ఉన్నావు తాతయ్యా, జీను అందుతుంది. కాని పంచె పనికిరాదు" అనెను. నా భార్య మాత్రము, "ముప్పై అయిదేళ్ళు పిల్లల్ని నిలబెట్టారు. ఇప్పుడు మీరు నిలబడండి, చూద్దాం" అనెను.

పండితుడనగుటచే ఏ వస్తువు చేతికి వచ్చినను దాని పూర్వోత్తరములు తెలిసికొనక నాకు నిద్రపట్టదు. ఒంటిచక్రము మనవారికి క్రొత్త గాదు. సూర్యభగవానుని రథమునకు ఒక్కటే చక్రము. సంవత్సరమే ఆ చక్రమనియు, మాసములు పండ్రెండును దాని ఆకులనియు పెద్దలు చెప్పుదురు. ఆ రథమును తోలు అనూరునికి తొడలే లేవు. తొడలు లేనివాడు ఆకాశమున ఏకచక్రమును నడుపుచుండగా, రెండు తొడలున్న నేను నేలమీద నడుపలేనా యని మొదట ఒక వెఱ్ఱి ధైర్యము కలిగినది. తొడలు లేకుండుట ఆతనికెంత సుఖమో మూడవనాటికి తెలిసినది.

పాశ్చాత్యదేశములలో దీని చరిత్ర పెద్దచక్రపు బైసికిలుతో ముడిపడియున్నది. ఇంగ్లాండులో కోవెంట్రీ పట్టణవాసియగు జేమ్సు స్టార్లీ 1870 లో మఱియొకనితో గూడి ఉక్కు ఆకుల పెద్దచక్రపు బండి నొకదానిని రూపొందించెను. ముందు చక్రము మనుష్యుని రొమ్మెత్తు, వెనుక చక్రము చిన్నది. అంత పెద్ద చక్రమేల యని మీరడుగవచ్చును. ఆ బండికి గొలుసు లేదు. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక్క చుట్టే తిరుగును. కావున ఒక్క త్రొక్కుడుకు ఎక్కువ దూరము పోవలెనన్న చక్రమును పెంచవలసినదే. 1885 లో స్టార్లీ సోదరుని కుమారుడు వెనుక చక్రమునకు గొలుసు తగిలించిన రోవరు బండిని తెచ్చినతోడనే పెద్దచక్రముతో పని తీఱినది. మనము నేడు త్రొక్కు సైకిలు ఆ వంశములోనిదే. పాత బండి నెక్కువారు కుదుపు తగిలినప్పుడు వెనుక చిన్నచక్రము గాలిలోనికి లేచుటను గమనించి, అది లేకయే పోవచ్చునుగదా యని తలచిరనియు, ఒంటిచక్రపు బండి అట్లు పుట్టినదనియు చెప్పుదురు.

మే మున్న బోస్టను ప్రాంతమునకును ఈ చరిత్రకును సంబంధము కలదు. అమెరికాలో మొదటి బైసికిలు సంఘము 1878 లో బోస్టనులోనే వెలసినది. టామసు స్టీవెన్సు అను నాతడు 1884 ఏప్రిలులో పసిఫికు తీరమునుండి ఏబది అంగుళముల చక్రపు బండిపై బయలుదేఱి, ఆగస్టు 4 వ తేదీకి బోస్టను చేరెను. అంతటితో నాగక మఱుసటి యేడు ఇంగ్లాండునుండి బయలుదేఱి, తుర్కీ పారసీకదేశములు దాటి, 1886 లో మన దేశమున లాహోరునుండి కలకత్తావఱకు గ్రాండు ట్రంకు రోడ్డుపై త్రొక్కి, ఆ యేటి డిసెంబరునాటికి జపానులోని యోకోహామా చేరెను. ఇంతటివాడును ప్రయాణము తలపెట్టునాటికి త్రొక్కుట యెఱుగడు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఉద్యానవనములో పడుచు లేచుచు నేర్చుకొన్నాడు. మా కాలములో ఎడ్డు ప్రాట్టు అను ఆంగ్లేయ యువకుడు 2015 లో బయలుదేఱి 2018 లో తిరిగి వచ్చువఱకు మూడడుగుల ఒంటిచక్రముపైననే భూమిని చుట్టి, సుమారు 21,000 మైళ్ళు పోయెను. మా కొట్టములోని చక్రమునకును ఆతని చక్రమునకును కొలత యొక్కటే. 36 అంగుళములు.

జూను మాసమున బడులు మూసిరి. ఇంటికి చేరువనున్న ఒక పాఠశాల వెనుక ఇనుపవల కంచె చుట్టిన తారు ఆటస్థలమొకటి కలదు. అదియే నాకు పాఠశాల, మనుమరాలే ఉపాధ్యాయిని. అల్లుని ప్యాంటు, నెత్తిన గట్టి టోపి, మోకాళ్ళకు మణికట్లకు తొడుగులు. ఆ వేషముతో నన్ను చూచి నేనే గుర్తింపలేకపోతిని. మొదటి నెల పెద్దచక్రమును ముట్టనీయలేదు. ఇరువది అంగుళముల చిన్నదానిని చేతికిచ్చెను. అక్షరములు రాకుండ పద్యము చదువరాదుగదా!

సైకిలు త్రొక్కినవాడనే గదా యని నే ననుకొన్నది శుద్ధ పొరపాటు. సైకిలు కుడియెడమలకు మాత్రమే పడును. ఇది నాలుగు దిక్కులకును పడును. సైకిలుపై త్రొక్కుట ఆపి ఊఱక కూర్చున్నను కొంతదూరము జాఱిపోవును. దీనికి పెడలులు ఇరుసునకే బిగించియుండుటచే పెడలు ఆగిన చక్రమాగును. చక్రమాగిన మనుష్యుడు నేలమీద నుండును. నేను కంచె పట్టుకొని, జీనుపై కూర్చుండి, ఒక పాదము పెడలుపై నుంచి రెండవదానిని పైకెత్తగనే చక్రము ముందునకు తప్పించుకొనిపోయెను. నేను వెనుకకు వాలితిని. రెండవమారు అది వెనుకకు పోగా నేను ముందునకు దూకితిని. ఆనాటి సాయంకాలమునకు నా ముందుగాళ్ళపై పెడలు ముండ్లు చేసిన గీతలను చూచి నా భార్య పసుపును, పసుపుతో గూడ నాలుగు మాటలను పూసెను.

మనుమరాలు మూడు సూత్రములు చెప్పెను. మన వ్యాకరణసూత్రములవలె అవియు చిన్నవి, వ్యాఖ్యానమే పెద్దది. బరువంతయు జీనుపై నుంచుము, పెడలులపై నుంచకుము; ఇది మొదటిది. పాదములపై లేచి నిలిచినవాడు పడును, కూర్చున్నవాడు నిలుచును. చూపు దూరమున నుంచుము, చక్రమును చూడకుము, ఇది రెండవది. మూడవది నన్ను చాలదినములు బాధించినది. "పడిపోతున్నవైపుకే చక్రాన్ని పోనీ తాతయ్యా" అని అది చెప్పెడిది. ముందునకు వాలుచున్నప్పుడు భయపడి వెనుకకు లాగుకొనుట మన స్వభావము. అట్లు చేసిన పడుట నిశ్చయము. వాలినవైపునకే త్వరగా త్రొక్కిన చక్రము వచ్చి మన క్రిందికి చేరును. ఎడమకు వాలిన ఎడమకే మరలవలెను. నిలుకడ యనగా కదలకుండుట యని నేను అంతవఱకు తలచియుంటిని. ఈ చక్రముపై అట్టి నిలుకడ యొక్క క్షణమును లేదు. మనుష్యుడు ఎడతెగక పడుచునే యుండును. చక్రము ఎడతెగక వచ్చి వాని క్రింద నిలుచుచుండును. చూచువారు దానినే నిలుకడ యందురు.

ఇక నా గురువు పద్ధతి చెప్పవలెను. నా యొద్ద ముప్పదియైదేండ్లు ఎఱ్ఱసిరా కలమొకటి యుండెడిది. పిల్లల వ్రాతలలో తప్పు కనబడినచోటెల్ల దానితో సున్న చుట్టుట నాకు పరిపాటి. ఒక్కొక్క కాగితము పూచిన మోదుగచెట్టువలె నుండెడిది. మనుమరాలి చేతిలో ఒక సుద్దముక్కయు ఒక చిన్న పుస్తకమును ఉండెడివి. కంచె విడిచి నేనెంతదూరము పోయి పడుదునో అచ్చట నేలపై ఒక గీత గీసెడిది. పుస్తకములో ఆనాటి తేదీయు, పెడలు ఎన్ని చుట్లు తిరిగినదియు వ్రాసెడిది. మొదటి వారము సున్న. పదవనాడు అర చుట్టు. "తాతయ్యా, అర చుట్టు!" అని అది చప్పట్లు కొట్టగా, భాషాప్రవీణ పట్టా పుచ్చుకొన్ననాడు నాకట్టి సంతోషము కలుగలేదు. పదునాల్గవనాడు మూడు చుట్లు. ఎట్లు పడితినో అది వ్రాయలేదు. ఎన్నిమారులు పడితినో అదియు వ్రాయలేదు.

ఒక శనివారము అల్లుడు కూడ వచ్చెను. ఆతడు మంచివాడు, నాయందు గౌరవము గలవాడు. నేను కంచె విడిచి రెండు చుట్లు పోవునంతలో, "నడుం వంచకండి మావయ్యగారూ! మోకాలు లోపలికి! చూపు పైకి!" అని కేకలు వేసెను. ఒక్కొక్క కేకకు ఒక్కొక్కమారు పడితిని. అతడు చెప్పినవన్నియు సరియైనవే. సరియైన మాట తగని సమయమున చెవిని బడినంతనే శరీరము పని మఱచి మాటను వినుచున్నది. ఆ ఱెప్పపాటులో చక్రము జాఱిపోవుచున్నది. పద్యము నడుమ పిల్లవానిని ఆపి, "దీర్ఘము! దీర్ఘము!" అని నేను గద్దించినప్పుడు వాడేల తడబడెడివాడో, ఆ తారునేలపై వెల్లకిల బడియున్నప్పుడు నాకు తెలిసినది. "నాన్నా, నువ్వు ఇంటికెళ్ళు" అని మనుమరాలు తండ్రిని పంపివేసెను.

జూలై చివరకు చిన్నచక్రముపై అఱువది గజములు పోగలిగితిని. అప్పుడు పెద్దది చేతికి వచ్చినది. అది వేఱొక గ్రంథము. చిన్నచక్రము ఒక చుట్టుకు గజముమ్ముప్పాతిక పోవును. పెద్దది మూడు గజములకు మించి పోవును. చిన్నది గడుసు పిల్లవంటిది; తలచినంతనే తిరుగును, తలచినంతనే ఆగును. పెద్దది ఏనుగు. కదలుటకు సోమరి, కదలిన తరువాత ఆగుటకును సోమరి. చిన్న గులకఱాళ్ళను, తారులోని పగుళ్ళను అది లెక్కపెట్టదు. వడి నందుకొన్న పిదప దాని బరువే మనలను నిలుపును. కాని దానికి ముందాలోచన కావలెను. ఆగదలచినచో పది గజముల ముందే పెడలులను వెనుకకు ఒత్తి పట్టుచు రావలెను. మలుపు తిరుగదలచిన మలుపునకు ముందే భుజములను ఆ వైపునకు త్రిప్పవలెను. ఎదుట కుక్కపిల్ల వచ్చిన తరువాత ఆలోచించుటకు వ్యవధి యుండదు.

ఎక్కుటయే దానియందు గొప్ప కష్టము. జీను నా నడుముకు మించిన యెత్తున నుండును. ఆరంభమున ఒక దీపస్తంభమును కౌగిలించుకొని ఎక్కితిని. ఆ వీథివారు నన్ను చూచి ఏమనుకొనిరో అడుగలేదు. పట్టు లేక ఎక్కుటకు చక్రమును ముందునకు కొంచెము నడిపించుచు, దగ్గఱి పెడలుపై పాదము మోపి, దానిని క్రిందికి త్రొక్కకయే పైకి లేచి, జీనుపై వ్రాలినతోడనే రెండవ పాదముతో ముందునకు సాగవలెను. పాదము మోపినంతనే బరువు వేసిన చక్రము వెనుకకు వచ్చి మనలను దింపివేయును. ఆ విద్య నాకు పూర్తిగా పట్టుపడలేదు. పది పర్యాయములలో రెండు మాఱులు ఎక్కగలను. ఎనిమిది మాఱులకు స్తంభమే శరణ్యము.

దిగుట మాత్రము బాగుగా వచ్చినది. అభ్యాసము ఎక్కువ గదా! పడబోవునప్పుడు జీను వెనుకకు వదలి, ముందునకు దిగి, నాలుగడుగులు పరుగెత్తవలెను. వెనుకకు పడుటయే ప్రమాదము. కాబట్టియే ఎల్లప్పుడును కొంచెము ముందునకే వాలియుండుమని గురువు ఉపదేశము.

ఆ యూరిలో పూర్వము రైలు నడిచిన దారి నొకదానిని పట్టాలు తొలగించి, తారు వేసి, నడచువారికిని సైకిళ్ళకును విడిచినారు. కేంబ్రిడ్జినుండి బెడ్‌ఫర్డువఱకు సుమారు పది మైళ్ళు. రైలుదారి గనుక ఎక్కుడు దిగుడులు తక్కువ, ఇరుప్రక్కల చెట్లు. సెప్టెంబరు చివర ఒక ఆదివారము ఉదయమున మనుమరాలు నన్నచ్చటికి తీసికొనిపోయెను. ఒక కంబము పట్టి ఎక్కి బయలుదేఱితిని. అది ప్రక్కన సైకిలుపై వచ్చుచు చుట్లు లెక్కపెట్టుచుండెను. యాబది, నూఱు, నూటయేబది. తొడలు మండుచుండెను. జీను ఎంత కఠినమైనదో చెప్పరాదు. ఇన్నూరు దాటిన పిమ్మట నాకు లెక్క వినబడుట మానెను. చెట్లు నా యెత్తున వెనుకకు పోవుచుండెను. ఇన్నూటయెనుబదియవ చుట్టున ఊపిరాడక దిగితిని. మైలునకు ఆ చక్రము సుమారు 560 చుట్లు తిరుగవలెను. అనగా అర మైలు. ఆ దారిని నిత్యము పోవువారికి అదియొక లెక్కలోనిది కాదు. మనుమరాలు పుస్తకములో 280 అని వ్రాసి, దాని క్రింద గీత గీసి, తన ఫోనుతో నా బొమ్మ తీసెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒంటిచక్రము నడుచునని చెప్పిన పిల్లవాని ముఖమే కన్నులయెదుట నిలిచినది.

అక్టోబరులో ఇంటికి వచ్చితిమి. ఆ పిల్లవాడిప్పుడు నలువదియైదేండ్లు దాటినవాడు; మా యూరి బజారులో కిరాణా కొట్టు నడుపుచున్నాడు. నేనెన్నియోమారులు ఆ కొట్టు ముందునుండి పోయినవాడనే. ఈమారు లోనికి పోయితిని. "మాస్టారూ, రండి, కూర్చోండి" అని లేచి బల్ల చూపెను. నేను కూర్చుండక, 1991 నాటి తరగతిని జ్ఞప్తికి తెచ్చి, "నాడు నీవు చెప్పినది నిజము, నేను చేసినది తప్పు" అంటిని.

అతడు కొంతసేపు ఊఱకుండెను. పిదప, "గుర్తుందండీ. కాని నేను సర్కస్ చూడలేదండీ మాస్టారూ. మా అన్నయ్య బెజవాడలో చూసొచ్చి చెప్పాడు. నేను చూశానని చెప్పాను. అబద్ధమాడినందుకే మీరు నిలబెట్టారనుకున్నాను" అనెను. ఒకరికి పంచదార తూచి యిచ్చి మరల, "ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నయ్యతో పోట్లాడాను, ఒంటిచక్రం నడవదంట, నువ్వు కోతలు కోశావని. తరవాత ఎన్నో ఏళ్ళకి టీవీలో చూశాను. అప్పటికి అన్నయ్య పోయాడండీ" అనెను.

నేనేమియు చెప్పలేకపోతిని. నేను వానిని గంటసేపే నిలువబెట్టితి ననుకొంటిని. చూచిన అన్న మాటకన్న చూడని పంతులు మాటయే వానికి నిజమైనది. గురువు మాటకు పిల్లలయొద్ద అంతటి బరువున్నది. ఆ బరువును నేను శాస్త్రమునకు తోడుగా వేసితినని తలచితిని గాని, ఒక యింటిలో ఇద్దఱు పిల్లల నడుమ వేసితినని యెఱుగను.

ఆతడే మౌనము విడిచి, "మీరు నిజంగా తొక్కారా మాస్టారూ? ఎన్నిసార్లు పడ్డారు?" అని యడిగెను.

"పడిన లెక్క మా మనుమరాలు వ్రాయలేదయ్యా. పోయిన దూరమే వ్రాసినది" అని, ఫోనులోని బొమ్మ చూపితిని. ప్యాంటు తొడిగి, గట్టి టోపి పెట్టి, చేతులు చాచి ఏకచక్రముపై నున్న తన తెలుగు మాస్టరును ఆతడు చాలసేపు చూచెను. తరువాత కొట్టులోనున్న కుమారుని పిలిచి, "ఇటు చూడరా, నడుస్తుంది" అనెను.

శ్రోతలారా, మీరందఱు ఒంటిచక్రము కొనుడని నేను చెప్పుటలేదు. నా యీడువారు వైద్యుని యడుగక, తలకు చేతులకు రక్షలేక దాని జోలికి పోవలదనియే చెప్పుదును. యాజ్ఞవల్క్యుని మాట తప్పనియు చెప్పను. ఆ శ్లోకము చెప్పినది ప్రయత్నమను రెండవ చక్రమును గూర్చి. ఒంటిచక్రముపై నున్నవాడు ఆ రెండవ చక్రమును క్షణక్షణము తానే కల్పించుకొనుచుండును. శాస్త్రము సరియైనదే, దానికి నేను గీసిన బొమ్మయే సరికాదు.

ఇప్పటికిని ఇరుగుపొరుగు పిల్లలు కొందఱు సాయంకాలము పద్యములు చదువుకొనుటకు నాయొద్దకు వచ్చుచుందురు. ఎఱ్ఱసిరా కలమును తీసి పెట్టెలో నుంచితిని. చేతిలో ఒక సుద్దముక్క నుంచుకొనుచున్నాను. పిల్లవాడు పద్యములో ఎంతవఱకు పోయి ఆగునో అంతవఱకు అరుగుమీద ఒక గీత. మఱునాడు ఆ గీత కొంచెము ముందునకు జరుగును. దీర్ఘములు నెమ్మదిగా అవియే వచ్చుచున్నవి. ఎవరైనను లేచి, "మాస్టారూ, అది అలా కాదండీ, నేను చూశాను" అనినచో, "ఎచ్చట చూచితివి? కూర్చుండి చెప్పుము" అని యడుగుచున్నాను.